దొర వేషం ఎవరిది?

పోయినవారం హెలెన్ టీచర్ని కాశీవిశ్వనాథరాజుగారి హాల్లో, చుట్టూ కమిటీ అంతా కూర్చుని ఉండగా, ఒక్కదాన్నే నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా నిలబడే ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదని కాదు, అందరూ అన్నారు. కూర్చుంటే ఒప్పుకున్నట్టే లెక్కేస్తారని ఆవిడ భయం. ఆ భయం ఉత్తిది కాదని వీళ్లని ఇన్ని వారాలుగా చూస్తున్న మీకూ తెలుసు.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లకి రెండు ముక్కలు చెబుతాను. కొప్పర్తిమెరక హైస్కూలు పెట్టి డెబ్బై అయిదేళ్లయింది. ఊళ్లో పండగ తలపెట్టారు. స్వతంత్రం వచ్చిన కొత్తల్లో ఆ బళ్లో దేశచరిత్రని పుస్తకంలోంచి కాకుండా నాటకంగా ఆడించి నేర్పేవారు. 'స్వరాజ్య ప్రదర్శన' అని దాని పేరు. ఆ నాటకాన్నే మళ్లీ అచ్చం అప్పటిలాగే వెయ్యాలని కమిటీ అధ్యక్షుడు, రొయ్యల చెరువుల శ్రీనివాసరాజు పట్టుబట్టాడు. అచ్చం అప్పటిలాగే అన్న మాట దగ్గరే వచ్చింది తంటా అంతా. అప్పట్లో భరతమాత వేషం ఎప్పుడూ రాజుల ఇంటి ఆడపిల్లదే. సత్యాగ్రహుల్ని కొట్టించే తెల్లదొర వేషం ఎప్పుడూ క్రైస్తవుల పేటలో కుర్రాడిదే.

హెలెన్ ఆ బళ్లోనే సోషల్ టీచరు. నాటకం మాటలు రాయడం, పిల్లలకి నేర్పడం ఆవిడ పని. ఆవిడ కూతురు రూబీ తొమ్మిదో తరగతి. గొంతెత్తి పద్యం చదివిందంటే హెడ్మాస్టరుగారు కూడా గదిలోంచి బయటికొచ్చి వింటారు. ఆ పిల్ల భరతమాత వేషానికి పేరిచ్చింది. తీరా మొన్న బళ్లో వేషాలు ప్రకటించేసరికి వ్యాయామం మాస్టారు గణేష్‌బాబు, భరతమాత మంజుష అన్నాడు. రూబీ దొరసాని అన్నాడు. మంజుష శ్రీనివాసరాజు కూతురు. ఆ పిల్ల ఈ బళ్లో చదవనే చదవదు. భీమవరం కార్పొరేట్ స్కూలు బస్సు పొద్దున్నే ఇంటి ముందుకొచ్చి ఎక్కించుకుపోతుంది. మన భరతమాత అద్దెకొస్తుందన్నమాట.

"ఇలాగైతే మా పిల్ల వెయ్యదండి. నేనూ ఒక్క మాట నేర్పను," అని లేచి నిలబడింది హెలెన్. అక్కడే ఆగాం.

"మేడమ్ గారూ, చిన్నదాన్ని పెద్దది చేస్తున్నారండి మీరు," అన్నాడు శ్రీనివాసరాజు. మంచివాడే. బడికి బెంచీలు చేయించాడు, మరుగుదొడ్లు కట్టించాడు. మనిషి మంచివాడు కావడమే హెలెన్‌కి పెద్ద చిక్కు. చెడ్డవాడైతే ఓ మాట అనేసి పోవచ్చు. "ఇందులో కులం లేదు, మతం లేదండి. భరతమాత నగలు మా ఇంట్లోవి. మా నాయనమ్మగారి కాసులపేరు, వడ్డాణం, వంకీలు. అంత బంగారం బయటి పిల్లల మెడలో ఎలా వేస్తామండి? అప్పుడూ అంతే. నగలు ఎవరింట్లో ఉంటే ఆ ఇంటిపిల్ల భరతమాత."

"మరి దొరేంటండి, మా పేటకే రావడం?"

"బూట్లూ టోపీ మీ ఇంట్లోనే ఉండేవి కదండి!" అని అందుకున్నాడు గణేష్‌బాబు, పెద్ద సందేహం తీర్చినవాడిలా.

అది నిజమే. హెలెన్ తాత మిషన్ బంగళాలో వంట చేసేవాడు. దొరగారు ఓడెక్కి వాళ్ల దేశం పోతూ పాత బూట్లూ, ఎండటోపీ ఆయనకిచ్చి పోయాడు. ఊరు మొత్తంలో బూట్లున్న ఇల్లు అదొక్కటే. మొదటేడు బూట్ల కోసం ఆ ఇంటి కుర్రాణ్ణి పిలిచారు. తరువాత బూట్లు తెగిపోయినా పిలుపు మాత్రం ఆ ఇంటికే వచ్చింది.

"అయితే భరతమాతకి నగలుండి తీరాలంటారు," అంది హెలెన్.

"ఉండాలి కదండీ. దేవతలాంటిది."

"ఆవిడ నగలన్నీ ఒలుచుకుపోయారనే కదండీ మనం నాటకం వేసేది!"

గణేష్‌బాబు నవ్వబోయి శ్రీనివాసరాజు మొహం చూసి నవ్వు మింగేశాడు. ఇంతలో ఫోను మోగింది. మూడో చెరువు దగ్గర నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగిపోయాయట. రాజు ఫోను చెవిలో పెట్టుకుని, "జనరేటర్ వెయ్యరా ముందు! రొయ్య పైకి తేలిపోయాక నాకు ఫోన్ చేస్తే ఏం లాభం?" అని అరుస్తుంటే హెలెన్ అలాగే నిలబడింది. దేశచరిత్ర ఎటు పోవాలో తేలాలంటే ముందు జనరేటర్ స్టార్టవ్వాలి. ఏం చేస్తాం!

ఆవిడ బుర్రలో మటుకు రూబీయే తిరుగుతోంది. నిన్న సాయంత్రం బడినుంచి వచ్చి సంచీ కూడా దించకుండా అడిగింది. "అమ్మా, దొరసాని ఏం చేస్తుంది?" అని. ఏమీ చెయ్యదు, గొడుగు పట్టుకుని నిలబడుతుంది అంది హెలెన్. పిల్ల కాసేపు ఊరుకుని, "క్లాసులో అందరూ నన్ను దొరసానీ దొరసానీ అంటున్నారు. మనం ఇంగ్లీషువాళ్ల తాలూకా అమ్మా?" అంది. పిల్లలకి ఇన్నేళ్లుగా దేశచరిత్ర చెబుతున్న హెలెన్, తన ఇంట్లో తన పిల్ల అడిగితే, ముందు కాళ్లు కడుక్కో అని వంటింట్లోకి తప్పుకుంది. ఆ పిల్ల ఆ తెల్లచీర కట్టుకుని, జెండా పట్టుకుని, ఊరందరి ముందూ ఒక్కసారి మధ్యలో నిలబడాలి. ఆవిడ అడుగుతున్నది అంతే. అందుకోసం ఉద్యోగం మీదికి వచ్చినా సరేననుకునే ఈ గుమ్మం ఎక్కింది.

అసలే కాలుతున్నావిడకి, వాకిట్లో ఆటో ఆగిన చప్పుడు వినిపించింది. ఆటోలోంచి దిగిన మనిషిని చూసి ప్రాణం ఉసూరుమంది. వాళ్ల నాన్న! రాజరత్నం. అప్పట్లో ఆ బూట్లేసుకున్న కుర్రాడు ఈయనే. కాలువ లాకుల దగ్గర తలుపులెత్తే లస్కరుగా చేసి రిటైరయినాయన. ఎనభై అయిదేళ్ల మనిషి, ఆదివారం చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకుని, చంకలో ఓ ప్లాస్టిక్ సంచీ పెట్టుకుని మెట్లెక్కుతున్నాడు. చెప్పులు కింద మెట్టు దగ్గరే విడిచాడు. అందరూ గుమ్మం దగ్గర విడిచారు, ఈయన మాత్రం వాకిట్లోనే విడిచాడు. అది చూసి హెలెన్‌కి ఇంకో సెగ తగిలింది.

"నువ్వెందుకొచ్చావు నాన్నా? ఎవరు రమ్మన్నారు?"

"రూబీ చెప్పిందమ్మా, నువ్విక్కడికి దెబ్బలాటకి వచ్చావని," అన్నాడాయన. లోపలికి చూసి చేతులు జోడించాడు. "దండాలండి రాజుగారూ. ఆయ్."

పడకకుర్చీలో కాశీవిశ్వనాథరాజుగారు కదిలారు. శ్రీనివాసరాజు తండ్రి. రాజరత్నం ఈడువారే, చిన్నప్పుడు ఒకే తరగతి. చెవులు మందగించాయి కానీ గొంతు మందగించలేదు. "ఒరే రత్నం! రారా, రా. నీ గురించే గొడవ. ఒరే శ్రీనూ, కుర్చీ వెయ్యి వాడికి."

కుర్చీ వేశారు. రాజరత్నం దాని అంచున, లేవమంటే లేచిపోవడానికి వీలుగా కూర్చున్నాడు. సంచీలోంచి ఎండటోపీ తీశాడు. చుట్టూ చెదలు కొట్టి, లోపలి గుడ్డ ఊడి, చూస్తేనే దుమ్ము రాలేట్టుంది.

"టోపీ జాగ్రత్తగానే ఉందండి రాజుగారూ. ఎవరికిస్తారో ఏంటోనని నేనే తెచ్చాను. మా మనవరాలు దొరసాని వేస్తే, దొర వేషం మా పేటలోనే ఇంకో కుర్రాడు వేస్తాడు. మన వేషం మనం వదులుకోకూడదమ్మా హెలెనూ."

చూశారా! కూతురు కమిటీ మొత్తంతో తలపడుతుంటే, తండ్రి వచ్చి చక్కగా అవతలివాళ్ల పక్కన కూర్చున్నాడు. హెలెన్‌కి ఒళ్లు మండిపోయింది. "మన వేషమేంటి నాన్నా! అదేమన్నా మన తాతలనాటి మాన్యమా? జనాన్ని చావబాదించేవాడి వేషం. దేశం నీది కాదు, నువ్వు అవతలివాడివి అని ఏటేటా స్టేజీ ఎక్కించి మరీ చెప్పారు. నీకు ఆమాత్రం కూడా తెలీలేదా?"

"తెలీకపోవడమేంటమ్మా," అన్నాడు గానీ, ఏది తెలిసిందో చెప్పలేదు. టోపీని ఒళ్లో పెట్టుకుని దాని అంచు నిమురుతున్నాడు.

ఇక లాభం లేదనుకుని హెలెన్ పెద్దాయన వైపు తిరిగింది. "రాజుగారూ, మీరు చెప్పండి. ఏడాది పొడుగునా నాటకం రిహార్సల్సేనట కదా మీ చరిత్ర క్లాసు? ఏం నేర్చుకున్నారండి అందులో?"

"ఎందుకు నేర్చుకోలేదమ్మా!" కాశీవిశ్వనాథరాజుగారికి పాత సంగతులంటే ప్రాణం లేచొస్తుంది. "అసలు సంగతి నీకు తెలీదు. స్వతంత్రం వచ్చింది కానీ కొత్త పుస్తకాలు రాలేదు. మా దగ్గరున్న పుస్తకం తెరిస్తే మొదటి పేజీలో చక్రవర్తి బొమ్మ. ఆయన మనకి రోడ్లేశాడు, రైళ్లేశాడు, కాలవలు తవ్వించాడు, ఆయనే తండ్రి అని పాఠం. మా పల్లంరాజు మేష్టారు అంతకుముందు అదే పాఠం బెత్తం పుచ్చుకుని మాచేత వల్లె వేయించాడు. ఇప్పుడేమో అదంతా తప్పని చెప్పాలి. ఆయన మటుకు ఏం చేస్తాడు? పుస్తకాలు మూసెయ్యండర్రా అన్నాడు. ఆడుతూ నేర్చుకుందాం అన్నాడు. వేషాలు పంచేశాడు. ఎవడి వేషం వాడికి నోటికి రావాలి. అదే పాఠం, అదే పరీక్ష."

"మరి మిగతావాళ్ల పాఠం?"

"ఎవడికి పట్టింది? మేం సత్యాగ్రహులం, మా నినాదాలు మాకొచ్చు. జెండా పాట ఆడపిల్లలకొచ్చు. వీడికి దొర మాటలొచ్చు. అన్నట్టు ఎనిమిదో తరగతి పబ్లిక్ పరీక్షకి నరసాపురం వెళ్లాం. అందరం పాసయ్యాం. వీడొక్కడే తప్పాడు." అని ఆయన పడకకుర్చీ చేతి మీద చరిచి పగలబడి నవ్వారు.

హెలెన్ తండ్రి వైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు.

"తప్పడమేంటండి? నాన్న పరీక్షే రాయలేదు కదా. ఆ ఏడు వరదొచ్చి ఇల్లు కొట్టుకుపోయిందని, చదువాగిపోయిందని మాకు..."

"వరదా! వరదొచ్చింది, పోయింది. ఆ తరువాతే పరీక్ష. ఒరే రత్నం, ఇంట్లో చెప్పలేదట్రా నువ్వు?" పెద్దాయనకి ఇంకా నవ్వొస్తోంది. "ఉప్పు సత్యాగ్రహమును గూర్చి వ్రాయుము అని ఇచ్చాడమ్మా. మన హీరో ఏం రాశాడో తెలుసా? కొందరు జనులు సముద్రతీరమున ఉప్పు తీయుచుండిరి. మేము పోయి వలదంటిమి. వారు వినరైరి. అంతట మేము లాఠీలతో చితుకగొట్టితిమి. అప్పటికిని లేవరైరి. మాకు చేతులు నొప్పి పుట్టినవి!" ఆయన కళ్లు తుడుచుకున్నారు. "పేపరు దిద్దినాయన మండిపడి మేష్టారికి కబురు పెట్టాడు. వీడెవడయ్యా, దొరల తరఫున రాశాడు అని. మేష్టారు వీణ్ణి నిలబెట్టి, రాసిందంతా క్లాసులో గట్టిగా చదివించాడు. నవ్వలేక చచ్చాం. ఇప్పటికీ మా అరుగు మీద ఎవడైనా తప్పుడు లెక్క చెబితే, 'రత్నం జవాబురా' అంటాం."

గణేష్‌బాబు నేల చూపులు చూస్తున్నాడు. శ్రీనివాసరాజు ఫోనులో ఏదో వెతుక్కుంటున్నాడు. వాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు. ఆ క్షణాన హెలెన్‌కి అర్థమయింది, ఈ కథ ఊరందరికీ తెలుసు. ఈ గదిలో తెలియంది తనకొక్కదానికే. రోజూ బడికి వెళ్తూ ఈ అరుగు ముందునుంచే నడిచింది. 'నమస్తే టీచర్ గారూ' అన్నవాళ్లే, తను దాటిపోయాక ఆ మాట అనుకుని నవ్వుకున్నారేమో. తల కొట్టేసినట్టయింది.

అన్నిటికన్నా, నాన్న మీద కోపమొచ్చింది. ఎంత కోపమో చెప్పలేను. తను సోషల్ తీసుకుని బీఎడ్ చేస్తానంటే ఆయన పొలం కుదువబెట్టి మరీ చదివించాడు. కానీ ఒక్కరోజు కూడా, ఏం చెబుతున్నావమ్మా క్లాసులో అని అడగలేదు. పరీక్ష పేపర్లు ఇంటికి తెచ్చి దిద్దుతుంటే లేచి అవతలికి పోయేవాడు. పట్టించుకోడని ఇన్నేళ్లూ సణిగింది. ఇప్పుడు ఆ సణుగుడంతా గుర్తొచ్చింది.

"నిజమేనా నాన్నా?"

"నిజమేనమ్మా." రాజరత్నం టోపీ పక్కన పెట్టాడు. "నాకేది చెప్పారో అదే రాశాను. ఇంకోటి చెప్పలేదుగా మరి. ఆ పరీక్ష గట్టెక్కితే ట్రైనింగ్‌కి వెళ్లి మేష్టరు అవుదామనుకున్నాను. తరువాత మళ్లీ రాయలేదు. క్లాసులో అలా చదివించాక ఇంక బడి గుమ్మం తొక్కబుద్ధి కాలేదు."

"మరి ఇంత జరిగాక, ఆ వేషం మన పిల్లకి కావాలంటావేంటి? ఆ టోపీ పొయ్యిలో పెట్టాల్సింది పోయి, ఇన్నేళ్లూ ఎందుకు దాచావు?"

పెద్దాయన నవ్వు ఆగిపోయింది.

"నీకు కోపం రాకూడదమ్మా," అన్నాడు రాజరత్నం. "రాజుగారికీ రాకూడదు. నాకు దేశం సంగతి అప్పట్లో తెలీదు. ఈ అరుగు ముందునుంచి పోవాలంటే చెప్పులు చేత్తో పట్టుకుని పోవాలి. అది తెలుసు. ఏడాదంతా అంతే. ఆ ఒక్కరోజు మటుకు బూట్లేసుకుని టకటకా నడిచేవాణ్ణి. రాజుగారూ, వారి అన్నదమ్ములూ, కరణంగారబ్బాయీ, అందరూ నేలమీద చేతులు కట్టుకుని వరసగా కూర్చునేవారు. నేను నించునేవాణ్ణి. లేవండి అంటే లేచేవారు, కూర్చోండి అంటే కూర్చునేవారు. మా అమ్మ దూరంగా గట్టుమీద నించుని చూసేది. ఏటేటా మేష్టారు పిలవకముందే నేనే వెళ్లి అడిగేవాణ్ణమ్మా ఆ వేషం."

హెలెన్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏడిస్తే ఈ గదిలో తన మాటకి విలువ పోతుందని పళ్లు బిగబట్టి ఆపుకుంది. నాన్నని తిట్టాలో, దగ్గరికి తీసుకోవాలో తెలీని ఆ చిరాకు ఎవరికీ రాకూడదు.

శ్రీనివాసరాజు గొంతు సవరించుకున్నాడు. నిజంగానే బాధపడ్డాడు. "సరేనండి మేడమ్ గారూ. ఇంక దీన్ని సాగదీయకండి. రూబీయే భరతమాత. మంజుషకి నేను చెప్పుకుంటాను. నగలంటే... భీమవరంలో డాన్స్ డ్రెస్సులవాళ్ల దగ్గర గిల్టువి తెప్పిద్దాం. సరేనా?"

"నగలే వద్దండి. ఉత్త చీర చాలు," అంది హెలెన్. అప్పటికి కుర్చీ లాక్కుని కూర్చుంది. కాళ్లు పీకుతున్నాయి. గెలిచినట్టుగా మాత్రం లేదు.

"మరి దొర ఎవరండి?" అన్నాడు గణేష్‌బాబు.

ఈ ప్రశ్న ఎవరికీ తట్టలేదు చూడండి! పేట పిల్లలు వెయ్యరని హెలెన్ తేల్చి చెప్పేసింది. మిగతా పిల్లల్లో ఎవరైనా వేస్తారేమోనని గణేష్‌బాబు అక్కడే కూర్చుని తల్లిదండ్రులకి ఫోన్లు మొదలుపెట్టాడు, స్పీకరు పెట్టి మరీ. మొదటాయన, "మావాడు దొరేంటండీ బాబూ! వీడియో తీసి ఇన్‌స్టాలో పెడతారు. రేపు కాలేజీకెళ్లినా దొరా దొరా అని ఏడిపిస్తారు," అన్నాడు. రెండో ఇంట్లో తల్లి తీసింది. "స్వతంత్రానికి ఎదురు నిలబడే వేషం మా ఇంటికొద్దండి. కావాలంటే చెట్టు వేషం వేయించండి. కదలకుండా నిలబడతాడు." మూడోవాళ్లు చెప్పింది ఇక్కడ రాయడానికి వీల్లేదు. ఇంకొకాయన, "ఆ వేషం పేటవాళ్లది కదండీ," అని ఫోను పెట్టేశాడు.

హెలెన్ శ్రీనివాసరాజు మొహంలోకి సూటిగా చూసింది. "విన్నారుగా. కులం లేదు, మతం లేదు. బూట్లుంటే చాలన్నారు. ఇవాళ ఎవరింట్లో లేవండీ బూట్లు?"

"దొర లేకపోతే నాటకమే లేదండి. ఎవరితో పోరాడాం మరి?" అని నీరసంగా గొణిగాడు శ్రీనివాసరాజు.

"నేను వేస్తాన్రా."

అందరూ తిరిగి చూశారు. కాశీవిశ్వనాథరాజుగారు పడకకుర్చీలోంచి చేతికర్ర ఆసరాతో లేచి నిలబడ్డారు. ఇందాకటి నవ్వు లేదు మొహంలో.

"మీరేంటి నాన్నగారూ, ఈ వయసులో!"

"ఊరుకో. పిల్లల నాటకానికి ముందు అప్పటివాళ్లం ఓ సీను వేద్దామని నువ్వేగా అన్నావు? అదే ఇది. దొర వేషం నాది. వాడు అటువైపు నిలబడి నేర్చుకోబట్టే జవాబు తప్పాడు. ఈసారి అటు నేను నిలబడతాను. ఇటు, సత్యాగ్రహుల్లో, రత్నం కూర్చుంటాడు. వాణ్ణి చూసి ఇన్నాళ్లూ నవ్వాను. సరిచెయ్యాలి కదా. రాజులాయనే దొర వేస్తే పిల్లల తల్లిదండ్రులకీ నామోషీ ఉండదు, ఎవరో ఒకరు ముందుకొస్తారు. ఏమంటావమ్మా హెలెన్? నీ కూతురు భరతమాత, నీ తండ్రి సత్యాగ్రహి. రెండూ కలిపే ఒప్పందం. ఇంకేం కావాలి?"

ఆయన చెబుతున్నది మనస్ఫూర్తిగానే. తన జీవితంలో ఇంత న్యాయమైన మాట ఇంకోటి అనలేదన్నట్టుంది ఆయన వాలకం. శ్రీనివాసరాజు మొహం విచ్చుకుంది. గణేష్‌బాబు చప్పట్లు కూడా కొట్టబోయాడు. వీళ్లెవరికీ కనిపించడం లేదు! హెలెన్‌కి గోడకేసి తల బాదుకోవాలనిపించింది.

"రాజుగారూ," అంది. "మీరు కర్రెత్తితే మా నాన్న కింద కూర్చుని దెబ్బలు కాచుకోవడం, ఈ ఊళ్లో నాటకం అనిపించుకోదండి. మీ వాకిట్లో మావాళ్లకి అది కొత్త సీను కాదు. దానికి టోపీ అక్కర్లేదు, బూట్లు అక్కర్లేదు. జనం చూసి అదేమీ ఇంగ్లీషువాళ్ల సంగతి అనుకోరు."

పెద్దాయన మొహం పాలిపోయింది. "నేనా ఉద్దేశంతో అన్లేదు," అన్నారు.

"తెలుసండి. అదే నా ఏడుపు."

"మేడమ్ గారూ, నాన్నగారు దిగొచ్చి అడుగుతుంటే ఇలా మాట్లాడితే ఎలాగండి? ఇది కూడా వద్దంటే నాటకం మానేద్దాం. రూబీ వేషమూ లేదు, ఏ వేషమూ లేదు," అన్నాడు శ్రీనివాసరాజు. ఈసారి అతని మాటలో మంచితనం అయిపోయింది.

హెలెన్ లేవబోయింది. అంతకన్నా ముందే రాజరత్నం లేచాడు. కుర్చీ చెయ్యి పట్టుకుని, ఒక్కో మోకాలూ మడుస్తూ, మూలుగుతూ, ఆ నున్నటి గ్రానైట్ నేలమీద కూర్చున్నాడు. బాసింపట్టు వేసుకుని చేతులు కట్టుకున్నాడు.

"నాన్నా, లే. నా మాట విను. నువ్విలా కూర్చోనక్కర్లేదు."

"ఉండమ్మా. ఎప్పుడూ నించునే ఆడాను. ఇటు కూర్చుంటే ఎలా ఉంటుందో ఒక్కసారి చూడనీ. ఆ తరువాత ఒప్పుకోవాలో వద్దో నేనే చెబుతాను. నువ్వు కాదు, వారూ కాదు." పైకి చూశాడు. "కర్ర ఎత్తండి రాజుగారూ."

కాశీవిశ్వనాథరాజుగారు కొడుకు భుజం పట్టుకుని నిలదొక్కుకుని చేతికర్ర ఎత్తారు. ఎత్తాక తెల్లమొహం వేశారు. "ఏరా, ఇక్కడ దొర ఏమంటాడు?"

"డిస్పర్స్ అనాలండి, చెదిరిపోండి అని. గట్టిగా."

"డిస్పర్స్."

"అలా కాదండి. ఇంకోసారి. నేను వినకపోతే మీకు ఒళ్లు మండాలి."

"డిస్పర్స్!"

ఈసారి అది వేషం వేసినవాడి గొంతు కాదు. గట్టుమీద నించుని కూలీల్ని అదిలించే గొంతు. హెలెన్ చిన్నప్పుడు తల్లి వెంట నాట్లకి వెళ్లినప్పుడు విన్న గొంతే. ఆ గొంతు వింటే అప్పట్లో మడిలో వంగిన నడుములన్నీ ఇంకా వంగేవి. పెద్దాయన కూడా దాన్ని గుర్తుపట్టినట్టున్నారు. కానీ కర్ర దించలేదు.

రాజరత్నం కదల్లేదు. రెప్ప వెయ్యకుండా కాశీవిశ్వనాథరాజుగారి కళ్లల్లోకి చూస్తున్నాడు.

హెలెన్ ఆ నాటకం మొత్తం వారం రోజులుగా కూర్చుని తిరగరాస్తోంది. ప్రతి సీనూ ఆవిడకి నోటికొచ్చు. దొర రెండోసారి అరిచాక మాటల్లేవక్కడ. దెబ్బే.